సముద్రపు ఒడ్డున జంతువుల్ని చూడ్డానికి జంటగా వెళ్తున్నారా? బస ఎంచుకునేది ఇలా

"మా ఇద్దరికీ కాస్త ఏకాంతం కావాలి, సముద్రం కనపడాలి, తిమింగలాలో తాబేళ్లో కూడా చూడాలి. ఎక్కడ దిగమంటారు?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఫొటోలు చూసి ఒక అందమైన రిసార్ట్ మనసులో అనుకుని ఉంటారు. అక్కడ ఏం కనిపిస్తాయో ఆ తర్వాత వెతుకుతారు. ఆ వరస తిరగేయండి. ముందు జంతువు, తర్వాత అది బయటికొచ్చే వేళ, ఆ తర్వాతే గది.

వేళ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. తాబేలు అర్ధరాత్రి గుడ్లు పెట్టడానికి వస్తుంది. పెంగ్విన్ పొద్దుగూకాక ఒడ్డెక్కుతుంది. తిమింగలాల పడవ తెల్లవారుజామునే బయల్దేరుతుంది. ఆ వేళకు మీరు గంటన్నర దూరంలో ఉంటే యాత్ర మొత్తం కారులోనే గడుస్తుంది. నిద్ర చెడిన ఇద్దరు మనుషుల మధ్య ప్రేమ కబుర్లు సాగవు. అదే ఆ వేళకు మీ వరండా మెట్లు దిగితే చాలన్నట్టుంటే, జంతువుల్ని చూడ్డమూ జంటగా గడపడమూ రెండూ ఒకటే అవుతాయి. మంచి బస అంటే నా లెక్కలో ఇదే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

• మీకు కుదిరే తేదీలు. ఒకటి రెండు వారాలు అటూ ఇటూ జరపగలిగితే ఇంకా మేలు.
• ఉపగ్రహ చిత్రం చూపించే మ్యాప్. ఫోన్‌లో ఉన్నది చాలు.
• ఆ తీరానికి సంబంధించిన పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు దిగడం) వేళల పట్టిక.
• పౌర్ణమి, అమావాస్య తేదీలు. సూర్యోదయ సూర్యాస్తమయాల వేళలు.
• బస యజమానికి ఫోన్ చేసో మెయిల్ రాసో అడిగే ఓపిక.
• ఇద్దరూ కూర్చుని దాపరికం లేకుండా మాట్లాడుకునే ఒక సాయంత్రం. దీన్ని దాటేసినవాళ్లే ఎక్కువ.

1. ఎవరికి ఏం కావాలో ముందు తేల్చుకోండి

జంటలో ఒకరికి జంతువుల పిచ్చి ఉంటుంది, రెండోవాళ్లు తోడుగా వస్తారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ సంగతి బస ఎంపికలో కనిపించాలి. ఈ మూడు ప్రశ్నలకు ఇద్దరూ విడివిడిగా జవాబు రాసుకోండి: తెల్లవారుజామున నాలుగింటికి లేవగలరా? పడవ పడుతుందా, వికారం వస్తుందా? స్నానాల గది వేరేవాళ్లతో పంచుకోగలరా?

రెండో ప్రశ్నకు ఒకరి జవాబు "పడదు" అయితే పడవ మీదే ఆధారపడే చోటు వద్దు. ఒడ్డు మీద నుంచే చూడగలిగిన చోటు వెతకండి, అలాంటివి బోలెడున్నాయి. మాత్ర వేసుకుని సర్దుకుందాం అనుకుంటే అది పడవ ఎక్కకముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. గర్భంతో ఉన్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు.

2. ఒక్క జంతువును ఎంచుకోండి, దాని నెల పట్టుకోండి

"అన్నీ చూడాలి" అనుకుంటే బస తేలదు. ఒక్కదాన్ని ఎంచుకోండి. మిగతావి కనిపిస్తే అదనం.

నెల తప్పితే ఎంత గొప్ప గదైనా ఖాళీ సముద్రాన్నే చూపిస్తుంది. కొన్ని ఉదాహరణలు చెప్తాను, వీటిని చూస్తే మీ జంతువు విషయంలో ఏం కనుక్కోవాలో తెలుస్తుంది.

దక్షిణాఫ్రికాలోని హెర్మానస్‌కు సదరన్ రైట్ తిమింగలాలు సుమారు జూన్ నుంచి నవంబర్ దాకా వస్తాయి, సెప్టెంబర్, అక్టోబర్‌లలో బాగా ఉంటాయి. అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో అవే తిమింగలాలు డిసెంబర్ దాకా ఉంటాయి. వేల్స్ తీరంలోని స్కోమర్ దీవికి పఫిన్‌లనే సముద్రపక్షులు ఏప్రిల్‌లో వచ్చి జూలై చివరికల్లా సముద్రం మీదికి వెళ్లిపోతాయి. ఆగస్టులో వెళ్తే కొండ అంచు మీద వాటి బొరియలు మాత్రమే కనిపిస్తాయి. కోస్టారికాలోని టోర్టుగేరోలో పచ్చ తాబేళ్లు ప్రధానంగా జూలై నుంచి అక్టోబర్ వరకు గుడ్లు పెడతాయి. మెక్సికోలోని సాన్ ఇగ్నాసియో ఉప్పునీటి సరస్సులో గ్రే తిమింగలాలు పిల్లల్ని వెంటబెట్టుకుని జనవరి నుంచి ఏప్రిల్ మధ్య ఉంటాయి.

కొన్నిటికి నెల తెలిస్తే చాలదు. క్రిస్మస్ దీవిలో ఎర్ర పీతలు అడవి నుంచి సముద్రానికి కదిలేది ఆ ఏటి తొలకరి వానతో. గుడ్లు వదిలేది చంద్రుడి చివరి పాదంలో (పౌర్ణమికీ అమావాస్యకూ నడుమ), తెల్లవారకముందు, పోటు వెనక్కి తిరిగే వేళ. ఒడిశాలోని ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మామూలుగా ఫిబ్రవరి, మార్చిలలో మూకుమ్మడిగా ఒడ్డెక్కుతాయి, కానీ కొన్నేళ్లు అసలు అలా రాకుండానే గడిచిపోయాయి. ఇలాంటి వాటికోసం వెళ్తే తేదీలు మార్చుకోనిచ్చే బసే తీసుకోండి, లేకపోతే జంతువు రాని వారానికి డబ్బంతా కట్టేసి కూర్చుంటారు.

మొదటిసారి వెళ్తున్న జంటకు నా సలహా: నెలల తరబడి ఒకేచోట ఉండే జంతువును ఎంచుకోండి. ఒక్క రాత్రి అద్భుతం కోసం వెళ్లి నిరాశ పడటం కంటే, వారమంతా రోజూ కాస్త కాస్త కనిపించే సీల్‌లు, పక్షులు, పెంగ్విన్‌లు జంటకు ఎక్కువ హాయినిస్తాయి.

3. ఒడ్డు నుంచా, పడవ నుంచా?

ఒడ్డు నుంచి చూడగలిగితే అదే జంటకు మేలు. ఎవరి తొందరా ఉండదు, నలభై మంది మధ్య నిలబడక్కర్లేదు, చేతిలో టీ కప్పుతో గంటలు గంటలు కూర్చోవచ్చు. హెర్మానస్‌లో ఊరి పక్కన కొండ అంచు వెంబడే కాలిబాట ఉంది, తిమింగలాలు దాని కిందికే వస్తాయి. అర్జెంటీనాలో ప్యూర్టో మాడ్రిన్ దగ్గరి ఎల్ డొరాడిల్లో తీరంలో, పోటు నిండుగా ఉన్నప్పుడు తిమింగలాలు గులకరాళ్ల ఒడ్డుకు చాలా దగ్గరగా తిరుగుతాయి.

న్యూజిలాండ్‌లోని కైకౌరా వేరే రకం. తీరానికి దగ్గర్లోనే లోతైన సముద్రపు లోయ ఉండటంతో స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడుగునా ఉంటాయి, కానీ వాటిని చూడాలంటే పడవో విమానమో ఎక్కాలి. అవి 40 నిమిషాలో, అంతకు మించో నీటి అడుగున ఉండి, పైకొచ్చి కొన్ని నిమిషాలు ఊపిరి పీల్చుకుని మళ్లీ మునుగుతాయి. అలాంటి చోట బాల్కనీ ఎంత బాగున్నా లాభం లేదు, పడవల రేవుకు నడిచి వెళ్లగలిగే గది తీసుకోండి.

పడవే ఇల్లుగా తిరిగే యాత్రలూ ఉన్నాయి. ఈక్వడార్‌కు చెందిన గాలాపగోస్ దీవుల్లో దూరంగా ఉండే డార్విన్, వుల్ఫ్‌లను చూడాలంటే పడవలోనే పడుకునే యాత్ర తప్ప దారి లేదు. సాంతాక్రూజ్ దీవిలోని ప్యూర్టో అయోరా ఊళ్లో దిగితే పగటి పడవలు తిరిగి రాగలిగే దీవులే చూడగలరు. పడవ గది చాలా ఇరుకు, గోడలు పల్చన, భోజనం అందరితో కలిసే. కొత్త జంటకు నేనైతే చెప్పను. పడవ పడినవాళ్లకూ, జంతువులంటే ఇద్దరికీ ప్రాణమైనవాళ్లకూ మాత్రం దీనికి సాటి లేదు.

4. మ్యాప్ మీద మూడు చుక్కలు పెట్టండి

జంతువు కనిపించే చోటు ఒక చుక్క. పడవ ఎక్కే రేవో, రాత్రి నడక మొదలయ్యే చోటో రెండోది. మీరు అనుకుంటున్న బస మూడోది. మూడింటి మధ్య ప్రయాణ కాలం రాసుకోండి. ఈ లెక్క పగటి వేళకు కాదు, మీరు నిజంగా వెళ్లే వేళకు వేయాలి. చీకట్లో కొండదారి, పాటు వేళ మాత్రమే తేలే ఇసుక దారి, రాత్రి ఆగిపోయే ఫెర్రీ ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

నేను పెట్టుకునే హద్దు అరగంట. అంతకు మించితే ఆ బస వదిలేస్తాను. రాత్రివేళ చూసే జంతువైతే పావుగంట.

వాల్డెస్ సంగతే చూడండి. హోటళ్లు ఎక్కువగా ఉన్నది ప్యూర్టో మాడ్రిన్‌లో, తిమింగలాల పడవలు బయల్దేరేది ప్యూర్టో పిరామిదేస్ అనే చిన్న ఊళ్లో. రెంటి మధ్య దూరం సుమారు 100 కిలోమీటర్లు. చిన్న ఊళ్లో గదులు తక్కువ, హంగులు తక్కువ. అయినా పొద్దున్న మొదటి పడవ కావాలంటే అక్కడే పడుకోవాలి. పగటి యాత్రికులు వెళ్లిపోయాక ఆ ఊళ్లో మిగిలే నిశ్శబ్దం జంటకు అదనపు లాభం. ఆస్ట్రేలియాలో ఫిలిప్ దీవి కూడా అంతే. మెల్‌బోర్న్ నుంచి పగలు వచ్చి, పొద్దుగూకాక చిన్న పెంగ్విన్‌లు ఒడ్డెక్కడం చూసి, చీకట్లో బస్సులో వెనక్కి పోయేవాళ్లే ఎక్కువ. దీవిలోని కౌస్ ఊళ్లో గది తీసుకుంటే ఆ బడలిక తప్పుతుంది.

హెచ్చరిక: "బీచ్‌కు ఐదు నిమిషాలు" అని రాసి ఉంటే నడకా, కారా అని అడగండి. ఉపగ్రహ చిత్రంలో గదికీ నీటికీ మధ్య ఏముందో స్వయంగా చూడండి. రోడ్డు, చేపల శుద్ధి షెడ్డు, కొత్తగా కడుతున్న భవనం అన్నీ అందులో కనిపిస్తాయి. చిత్రం పాతదై ఉండొచ్చు కాబట్టి పక్కన కట్టుబడి పనేమైనా జరుగుతోందా అని కూడా అడగాలి.

5. ఏ రకం బస?

కొండ అంచు మీది కాటేజీలు తిమింగలాలకూ డాల్ఫిన్‌లకూ అనువు. పాత లైట్‌హౌస్‌ల కాపలాదారుల ఇళ్లను అద్దెకిచ్చే చోట్లు చాలా దేశాల్లో ఉన్నాయి. ఎత్తు, ఏకాంతం రెండూ దొరికేది అక్కడే. అయితే పొగమంచు రోజుల్లో హారన్ మోగుతుందా, దీపం గది మీద పడుతుందా అని అడిగి మరీ తీసుకోండి.

మొగల దగ్గర, బురద మేటల దగ్గర పక్షుల కోసం వెళ్తే నేలబారు గది సరిపోతుంది, కాకపోతే కిటికీ బురద మేట వైపు ఉండాలి.

గుడారాల క్యాంపులు జంతువుకు అన్నిటికన్నా దగ్గర. సాన్ ఇగ్నాసియోలో సరస్సు ఒడ్డునే క్యాంపులున్నాయి. రాత్రి తిమింగలం ఊపిరి వదిలే శబ్దం పడుకునే చోటికి వినిపిస్తుందంటే అంతకు మించి ఏం కావాలి! కానీ గుడారం గుడ్డ మీ మాటల్ని ఆపదు, పక్క గుడారం ఎంత దూరమో తప్పకుండా అడగండి.

అభయారణ్యాల్లో పరిశోధకులకూ వాలంటీర్లకూ కట్టిన హాస్టళ్లలో యాత్రికులకూ చోటిచ్చే సందర్భాలుంటాయి. స్కోమర్ దీవి మీద రాత్రి ఉండాలంటే అక్కడి హాస్టలే దారి. విడి మంచాలు, పంచుకునే వంటగది. హంగు కోసం చూస్తే తేలిపోతుంది. కానీ రాత్రిపూట మాంక్స్ షియర్‌వాటర్ పక్షులు లక్షల సంఖ్యలో గూళ్లకు తిరిగొచ్చేది అక్కడే. పగలు వస్తే గల్ పక్షులు చంపేస్తాయని అవి చీకటి పడేదాకా సముద్రం మీదే ఆగుతాయి. వెన్నెల లేని రాత్రుల్లో ఎక్కువగా వస్తాయి. ఒక్క రాత్రి అక్కడ, మిగతా రాత్రులు ఒడ్డున మంచి గదిలో. ఇలా విడగొట్టుకుంటే ఇద్దరి కోరికా తీరుతుంది.

పెద్ద బీచ్ రిసార్ట్‌లను నేను ఆఖరున పెడతాను. తాబేళ్ల తీరంలో అయితే అసలు వద్దంటాను, కారణం కింద చెప్తాను.

6. గదిని ఎత్తు, దిక్కు, వెలుతురు, శబ్దం చూసి ఎంచుకోండి

ఎత్తు. నీటి అంచున నిలబడి చూస్తే, కంటి ఎత్తు 2 మీటర్లనుకుంటే, దిగ్మండలం 5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 10 మీటర్ల ఎత్తు నుంచి 11 కిలోమీటర్లు, 30 మీటర్ల కొండ అంచు నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. అంత దూరంలో తిమింగలం వీపు కనపడదు గానీ, దగ్గరి నీటిని కూడా పైనుంచి చూస్తే అలల మధ్య దాగిన కదలిక తెలుస్తుంది. ముందు తెల్లటి ఆవిరి బుస్సున లేస్తుంది, గాలికి పక్కకు వాలి చెదిరిపోతుంది. అదే చోట బైనాక్యులర్ నిలిపి ఉంచితే కాసేపటికి నల్లటి వీపు మెల్లగా దొర్లుతుంది. తిమింగలాల కోసమైతే పై అంతస్తే తీసుకోండి. "బీచ్ ఫ్రంట్" అని ఎక్కువ డబ్బు పెట్టి కింది గది తీసుకోవడం ఇక్కడ వృథా.

దిక్కు. సూర్యుడు మీ వెనక ఉంటే నీళ్లు స్పష్టంగా కనిపిస్తాయి, ఎదురుగా ఉంటే మెరుపు తప్ప ఏమీ కనపడదు. పడమటి సముద్రం వైపు గదికి పొద్దున్న వెలుతురు వెనక నుంచి పడుతుంది. మామూలుగా గాలి తక్కువుండి నీరు నిలకడగా ఉండేది కూడా పొద్దున్నే. సాయంత్రం మీ ఇద్దరికీ సూర్యాస్తమయం ఎలాగూ ఉంది. ఎంచుకునే వీలుంటే అందుకే నేను పడమర అంటాను. తూర్పు సముద్రమైతే జంతువుల్ని మధ్యాహ్నం తర్వాత చూడండి, పొద్దున్న సూర్యోదయానికి వదిలేయండి.

వెలుతురు. తాబేళ్ల తీరాల్లో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతుంది. మనుషులు లేని తీరంలో అది సముద్రం వైపు ఆకాశమే. హోటల్ దీపాలుంటే పిల్ల రోడ్డు వైపు పోయి చచ్చిపోతుంది. తల్లి తాబేలు కూడా వెలుతురు, అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. ఇసుకలో అది ఒక్కో అడుగుకూ రెక్కల్లాంటి కాళ్లతో ఒళ్లంతా ముందుకు లాక్కుంటూ, మధ్య మధ్య ఆగి రొప్పుతూ పైకొస్తుంది. అంత కష్టపడి వచ్చినదాన్ని మన బాల్కనీ దీపం వెనక్కి పంపిందంటే ఆ గదిలో నిద్ర పట్టకూడదు. అందుకని గూళ్లు పెట్టే నెలల్లో సముద్రం వైపు దీపాలు ఆర్పేసే బస, మందపాటి కర్టెన్లున్న బస మాత్రమే తీసుకోండి. ఇసుక మీద కొవ్వొత్తుల భోజనం, చలిమంట, బాణసంచా ఏర్పాటు చేస్తామని ప్రకటించే చోటు తాబేళ్ల తీరంలో ఉందంటే, వాళ్లకు ఆ తీరం గురించి పట్టదని అర్థం.

ఇందులో జంటకు పోయేదేమీ లేదు. దీపాలు లేని తీరంలోనే నక్షత్రాలు కనిపిస్తాయి. కొన్ని నీళ్లలో అల విరిగినప్పుడల్లా నీలంగా మెరిసే సూక్ష్మజీవులుంటాయి, అవి కూడా వెన్నెల లేని రాత్రే బాగా కనిపిస్తాయి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఫోన్ ఒక్కసారి వెలిగిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

శబ్దం, వాసన. ఫొటోల్లో ఇవి రెండూ రావు. సీల్‌ల గుంపు, పెంగ్విన్‌ల కాలనీ, సముద్రపక్షుల గూళ్లు దగ్గరుంటే ముక్కు పగిలే వాసన, రాత్రంతా అరుపులు తప్పవు. గాలి ఎక్కువగా ఏ దిక్కు నుంచి వీస్తుందో కనుక్కుని, గాలి ముందు మీ గదిని తాకి తర్వాత కాలనీ వైపు పోయేలా ఉన్న గది తీసుకోండి. జనరేటర్, బార్ ఎక్కడున్నాయో కూడా అడగాలి.

మంచం. అడగడానికి మొహమాట పడతారు గానీ, విడి మంచాలా, జంట మంచమా అని రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. ప్రకృతి యాత్రికుల లాడ్జీల్లో విడి మంచాలే మామూలు.

7. బుక్ చేసేముందు ఇవి అడగండి

ఫోన్ చేసి మాట్లాడటం మేలు. మెయిల్ జవాబులో కనిపించని తడబాటు గొంతులో తెలుస్తుంది.

• పోయిన ఏడాది ఇదే వారంలో గది నుంచి, ఆవరణ నుంచి ఏం కనిపించాయి?
• సముద్రం వైపు దీపాలు రాత్రి ఎన్నింటికి ఆర్పుతారు?
• తెల్లవారుజామున వెళ్లేవాళ్లకు టిఫిన్ కట్టిస్తారా? అర్ధరాత్రి తిరిగొస్తే గేటు తెరిచి ఉంటుందా?
• పడవ నడిపేవాళ్లు, గైడ్‌లు అనుమతి ఉన్నవాళ్లేనా? గాలికి పడవ రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో రోజు తీసుకెళ్తారా?
• జంతువుకు ఎంత దూరంలో ఆగుతారు?

మొదటి ప్రశ్నే అసలు పరీక్ష. నిజంగా చూసేవాళ్లు "ఆ వారం గాలి ఎక్కువుండి రెండు రోజులే కనిపించాయి, పక్క మొగ దగ్గర మాత్రం బాగున్నాయి" అని చెప్తారు. "తప్పకుండా కనిపిస్తాయి, గ్యారంటీ" అనేవాళ్లు గది అమ్ముతున్నారంతే.

ఆఖరి ప్రశ్నకు దేశాన్ని బట్టి చట్టం ఉంటుంది. అమెరికాలో ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలానికి 500 గజాల లోపలికి పడవ పోకూడదు, హవాయిలో హంప్‌బ్యాక్ తిమింగలాలకు 100 గజాలు. మీరు వెళ్లే చోట నియమం ముందే చదువుకుని, వాళ్ల జవాబుతో పోల్చండి. "ముట్టుకునేంత దగ్గరికి తీసుకెళ్తాం" అని గొప్పగా చెప్పుకునేవాళ్లను వదిలేయండి. సాన్ ఇగ్నాసియోలో తిమింగలాలు వాటంతట అవే పడవ దగ్గరికి వస్తాయి. తరుముకుంటూ పోయి దగ్గరవడానికీ దానికీ చాలా తేడా ఉంది.

పర్యావరణ ముద్రల మాట. "ఎకో" అన్న పేరుకు ఏ విలువా లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఎవరు ధ్రువీకరించారో అడగండి. ప్రపంచ సుస్థిర పర్యాటక మండలి ప్రమాణాలు పెట్టి, ధ్రువపత్రాలిచ్చే సంస్థలకు గుర్తింపు ఇస్తుంది. హోటల్‌కు నేరుగా తానే ముద్ర వేయదు. ఏ పత్రమూ లేని చిన్న ఇంటి బస ఎంతో నిజాయితీగా నడుస్తుండొచ్చు, కాబట్టి పత్రం లేదని కొట్టిపారేయకండి. దీపాల ప్రశ్నకు వాళ్లిచ్చే జవాబు వినండి.

8. రాత్రులు లెక్క వేయండి

మూడు రాత్రుల కంటే తక్కువైతే నేను వద్దంటాను. సముద్రం ఒకరోజు కోపంగా ఉండటం మామూలే. పడవను ఆఖరి రోజుకు పెట్టకండి, మొదటి పొద్దునే పెట్టండి. అది రద్దయినా ఇంకో రెండు పొద్దులు చేతిలో ఉంటాయి. ఒక పూట మాత్రం ఏ కార్యక్రమమూ లేకుండా వదిలేయండి, ఆలస్యంగా లేవడానికి.

పోటు పట్టికను ఇక్కడ తెరవండి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు; మర్నాటికి అవి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. బురద మేటల మీద మేసే పక్షులు పాటు వేళ దూరంగా చెల్లాచెదురై ఉంటాయి. పోటు ఎక్కుతుంటే నీరు వాటిని మీ వైపు నెట్టుకొస్తుంది. అందుకని పోటు నిండడానికి ముందు రెండు గంటలూ కిటికీ దగ్గర ఉండాలి. మీరు వెళ్లే మూడు రోజుల్లో ఆ రెండు గంటలు పొద్దున్నో సాయంత్రమో పడేలా తేదీలు చూసుకోండి, అర్ధరాత్రి పడితే కిటికీ ఉండీ ఉపయోగం లేదు. పౌర్ణమి, అమావాస్యలప్పుడు పోటు పెద్దది, నీరు గట్టు దాకా వస్తుంది, పక్షులు ఇంకా దగ్గరవుతాయి. అప్పుడే ఇసుక దారులు మునిగేదీ, తిరిగొచ్చే దారి తెగేదీ కూడా. జాగ్రత్త.

తరచుగా జరిగే పొరపాట్లు

సమీక్షల్లో నక్షత్రాలు చూసి ఎంచుకోవడం. నక్షత్రాలు పరుపుకూ టిఫిన్‌కూ వేసినవి. సమీక్షల్లో మీ జంతువు పేరు పెట్టి వెతకండి, అది కనిపించిన సమీక్షల నెల చూడండి. ఎవరూ ఆ పేరే ఎత్తలేదంటే ఆలోచించాల్సిందే.

"సీ వ్యూ" మాట నమ్మడం. రెండు భవనాల మధ్య చెయ్యి వెడల్పు నీలం కనిపించినా అది సీ వ్యూ అనే అమ్ముతారు. మీరు బుక్ చేసే గది నంబరు బాల్కనీలోంచే తీసిన ఫొటో పంపమనండి. పంపడానికి తిప్పుకుంటే సమాధానం దొరికినట్టే.

హనీమూన్ ప్యాకేజీ తీసుకోవడం. స్పా, ఆలస్యపు భోజనం, అలంకరణ ఇవన్నీ సాయంత్రం నుంచి రాత్రి దాకా మిమ్మల్ని కట్టేస్తాయి. జంతువులు కదిలేదీ సరిగ్గా అప్పుడే. మామూలు గది తీసుకుని, ఆ డబ్బు పెట్టి ఇద్దరికే ఒక గైడ్‌ను మాట్లాడుకోండి.

డ్రోన్ తీసుకెళ్లడం. ఫొటోలు బాగుంటాయని ఎగరేస్తారు. గూళ్ల మీది పక్షులు, ఒడ్డున పడుకున్న సీల్‌లు బెదిరి పరుగు తీస్తే గుడ్లు, పిల్లలు నలిగిపోతాయి. కెమెరా కూడా ప్రతిచోటా కుదరదు. ఫిలిప్ దీవిలో పెంగ్విన్‌లు ఒడ్డెక్కే వేళ ఫొటోలు పూర్తిగా నిషేధం. టోర్టుగేరోలో రాత్రి గైడ్ లేకుండా తాబేళ్ల తీరానికి వెళ్లనివ్వరు, ముదురు రంగు బట్టలు వేసుకోమంటారు. ఫొటోల కోసమే వెళ్లే జంటయితే ఇది ముందే తెలియాలి.

ఒక్కటే బైనాక్యులర్. ఇద్దరికీ ఒకటి ఉంటే చూసేది ఒకరే, రెండోవాళ్లు "ఎక్కడ, ఎక్కడ" అంటూ ఉండాల్సిందే. రెండు తీసుకెళ్లండి. 8 రెట్లవి చాలు, పడవలో 10 రెట్లవి చేతిలో ఊగిపోతాయి.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూసుకోవడం

బుక్ చేశాక, రద్దు చేసుకునే గడువు ఇంకా ఉండగా ఒక పరీక్ష పెట్టుకోండి. మొదటి రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏ గంటకు ఎక్కడుంటారో కాగితం మీద రాయండి. జంతువు వేళ ఎరుపుతో, మీ ఇద్దరి వేళ పచ్చగా, ప్రయాణం నలుపుతో గీయండి. నలుపు రెండు గంటలు దాటితే బస మార్చండి. ఎరుపూ పచ్చా ఒకదాని మీద ఒకటి పడిన గంట ఒక్కటైనా ఉండాలి, అంటే జంతువును చూస్తూనే ఇద్దరే ఉండే గంట. అది లేకపోతే ఎంత పేరున్న చోటైనా మళ్లీ నాలుగో అంచెకు వెళ్లి వెతకండి.

దిగిన సాయంత్రం సామాను విప్పకముందే గదిలో దీపాలన్నీ ఆర్పి బాల్కనీలోకి వెళ్లి పది నిమిషాలు నిలబడండి. మీ మీద ఎవరి దీపమైనా పడుతోందా? జనరేటర్ వినిపిస్తోందా? నీటి అంచు కనిపిస్తోందా? ఏది తేడాగా ఉన్నా అప్పుడే రిసెప్షన్‌కు వెళ్లి గది మార్చమనండి. ఒక రాత్రి పడుకున్నాక అడిగితే మార్చడం వాళ్లకూ కష్టం, మీకూ మొహమాటం. తాబేళ్ల తీరమైతే బయట దీపం ఏది వెలుగుతున్నా మర్యాదగా చెప్పి ఆర్పించండి. ఎందుకో చెప్తే చాలామంది ఆర్పేస్తారు.

రెండో రోజు పొద్దుటికి ఏమీ కనిపించకపోతే కంగారు పడకండి. బస సిబ్బందిలో తోటమాలినో, పడవ తాడు పట్టుకునే మనిషినో అడగండి, రోజూ ఆ నీళ్లను చూసేది వాళ్లే. అవి ఏ వైపుకు జరిగాయో, ఏ వేళకు వస్తున్నాయో చెప్తారు. మూడో రోజు ఆ వేళకు అక్కడ ఉండండి.